పేస్ట్ చేయండి, ఎంటర్ మాత్రం మీ చేతిలో ఉంచుకోండి

ఆఫీసు గ్రూపులో ఎవరో ఎనిమిది లైన్ల కమాండ్లు పెట్టి "ఇవి కొట్టేయండి, సర్వర్ లేచి కూర్చుంటుంది" అంటారు. మీరు కాపీ చేసి టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) పేస్ట్ చేస్తారు. చదువుదామనుకునేలోపే మొదటి మూడు లైన్లు నడిచిపోతాయి. నాలుగోది పాస్‌వర్డ్ అడుగుతూ ఆగుతుంది. ఐదోది ఎటు పోయిందో తెలీదు.

టెర్మినల్ పని చేసే తీరే అంత. పేస్ట్ చేసిన ముక్కని అది అక్షరం తర్వాత అక్షరంగా అవతలి ప్రోగ్రామ్‌కి అందిస్తుంది. వేళ్ళతో కొట్టినవేవో, క్లిప్‌బోర్డులోంచి వచ్చినవేవో ఆ ప్రోగ్రామ్‌కి మామూలుగా తెలిసే దారి లేదు. కొత్త లైను గుర్తు వస్తే మీరు ఎంటర్ కొట్టారనుకుంటుంది. టాబ్ వస్తే పేరు పూర్తి చేయమన్నారనుకుంటుంది.

ప్రతి ప్రోగ్రామ్‌లోనూ "సరే, కానివ్వు" అనే కీ ఒకటుంటుంది. షెల్‌లో (టెర్మినల్‌లో మీ కమాండ్లు చదివి నడిపే బ్యాష్, జెడ్‌షెల్ లాంటి ప్రోగ్రామ్‌లో) అది ఎంటర్. డేటాబేస్ ప్రాంప్ట్‌లో సెమికోలన్. పాత పైథాన్‌లో ఖాళీ లైను. ఆ కీ ఏదో ముందే కనుక్కోవాలి, అది పేస్ట్‌తో పాటు వెళ్ళకుండా ఆపాలి, చదివి చూసుకున్నాక మీ వేలితో మీరే నొక్కాలి. కింద చెప్పే అడుగులన్నీ ఈ పని కోసమే.

కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. మైనస్ అంటే -, డాట్ అంటే ., బ్యాక్‌స్లాష్ అంటే \, "పెద్ద" అంటే క్యాపిటల్ అక్షరం.

1. మీ షెల్ ఏ రకమో తేల్చుకోండి

ఒక నోట్‌ప్యాడ్‌లో మొదటి లైను "ఎకో 1", రెండో లైను "ఎకో 2" అని రాయండి. రెండో లైను చివర కూడా ఎంటర్ కొట్టి, రెండూ కలిపి కాపీ చేసి షెల్‌లో పేస్ట్ చేయండి. రెండు లైన్లూ నడవకుండా ప్రాంప్ట్ (కమాండ్ కోసం షెల్ చూపించే గుర్తు) దగ్గరే, చాలాచోట్ల రంగు తిరగబడి, నిలబడి ఉంటే మీ షెల్ మంచిదే. 1, 2 అని వెంటనే అచ్చయిపోతే ఇక నుంచి జాగ్రత్త మీదే.

ఈ తేడాకి కారణం బ్రాకెటెడ్ పేస్ట్ అనే ఏర్పాటు. మొదట ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్‌లో వచ్చింది, ఇప్పుడు దాదాపు అన్ని టెర్మినల్స్‌లో ఉంది. షెల్ ముందుగా టెర్మినల్‌కి 2004 అనే నంబరున్న మోడ్ ఆన్ చేయమని చెబుతుంది. అప్పటినుంచి మీరు ఏది పేస్ట్ చేసినా టెర్మినల్ దానికి ముందు ఎస్కేప్ గుర్తుతో [200~ అనీ, చివర [201~ అనీ తగిలిస్తుంది. డిక్టేషన్ చెప్పే మాస్టారు "కోట్స్ మొదలు", "కోట్స్ పూర్తి" అన్నట్టన్నమాట. ఆ రెంటి మధ్య వచ్చిన కొత్త లైన్లని షెల్ ఎంటర్‌గా కాక ఉత్త అక్షరాలుగా తీసుకుంటుంది.

జెడ్‌షెల్‌లో ఇది 2015లో వచ్చిన 5.1 నుంచి మామూలుగానే ఉంది. బ్యాష్ సంగతి కొంచెం మెలిక. కొట్టిన లైన్లు చదవడానికి బ్యాష్ వాడే రీడ్‌లైన్ లైబ్రరీకి 2016లో 7.0తో ఈ సదుపాయం వచ్చింది, కానీ ఆఫ్‌లో. ఆన్‌లో రావడం 2020 డిసెంబరులో విడుదలైన రీడ్‌లైన్ 8.1, బ్యాష్ 5.1ల నుంచి. అందుకే మీ ల్యాప్‌టాప్‌లో బుద్ధిగా ఆగిన పేస్ట్, ఉబుంటు 20.04 సర్వర్‌లోకి వెళ్ళగానే (అక్కడ బ్యాష్ 5.0) పరుగు తీస్తుంది. రెడ్‌హ్యాట్ 8లోనూ అంతే, అక్కడ బ్యాష్ 4.4. సెంట్‌ఓఎస్ 7లో ఉన్న 4.2కి ఈ సదుపాయమే తెలీదు. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2 కాబట్టి దానికీ తెలీదు. మ్యాక్‌లో 2019 నుంచి జెడ్‌షెల్లే డిఫాల్ట్, దాన్నే వాడండి. ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషీన్‌లోకి లాగిన్ అయి) ఉన్నప్పుడు లెక్కలోకి వచ్చేది అవతలి మెషీన్ షెల్, మీది కాదు. కంటైనర్‌లోకి (మెషీన్ లోపలే విడిగా నడిచే బుల్లి సిస్టమ్‌లోకి) దూరితే అక్కడుండేది డాష్ లాంటి బుల్లి షెల్ కావచ్చు. పై పరీక్ష కొత్త చోటికి వెళ్ళినప్పుడల్లా చేయండి, పది సెకన్ల పని.

రీడ్‌లైన్ 7.0 లేదా ఆపైది ఉండి ఆఫ్‌లో ఉంటే, హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఇన్‌పుట్ఆర్‌సీ ఫైల్లో ఒక లైను చేర్చండి: సెట్ ఎనేబుల్-బ్రాకెటెడ్-పేస్ట్ ఆన్. ఈ ఒక్కసారికే చాలనుకుంటే బైండ్ అని కొట్టి, ఆ లైన్నే సింగిల్ కోట్స్‌లో పెట్టి ఎంటర్ కొట్టండి. ఈ ఫైలు రీడ్‌లైన్ వాడే ప్రోగ్రామ్‌లన్నిటికీ వర్తిస్తుంది. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్ కూడా చాలా లినక్స్‌లలో అందులో ఒకటి.

అప్పుడప్పుడూ పేస్ట్ చేసిన ముక్కకి ముందు 200~ లేదా 0~ అనీ, వెనక 201~ అనీ చెత్త కనిపిస్తుంది. ఏదో ప్రోగ్రామ్ ఆ మోడ్ ఆన్ చేసి, ఆఫ్ చేయకుండానే చచ్చిపోయిందని దానర్థం. రీసెట్ అని కొట్టండి, పోతుంది.

2. క్లిప్‌బోర్డులో నిజంగా ఏముందో చూడండి

కంటికి కనిపించిందే కాపీ అయిందని నమ్మకండి. వెబ్ పేజీ తన జావాస్క్రిప్ట్‌తో, మీరు కాపీ కొట్టిన క్షణంలోనే క్లిప్‌బోర్డులోకి వేరే ముక్క ఎక్కించగలదు. కమాండ్ మధ్యలో కంటికి కనపడని అక్షరాల్ని దాచి ఉంచడం అంతకన్నా తేలిక. "మీరు రోబో కాదని నిరూపించుకోండి" అంటూ విండోస్ కీ, ఆర్ నొక్కించి, కంట్రోల్ వీ కొట్టమనే దొంగ పేజీలు 2024 నుంచి బాగా పెరిగాయి, వాటికి క్లిక్‌ఫిక్స్ అనే పేరు కూడా స్థిరపడింది. ఏ పేజీ అయినా ఇలా అడిగితే ఆ ట్యాబ్ మూసేయండి, ఇంకో ఆలోచన వద్దు.

బ్రాకెటెడ్ పేస్ట్ ఉంది కదా అని ఈ అడుగు దాటేయకండి. మోసగాడు తన ముక్క మధ్యలోనే "పేస్ట్ అయిపోయింది" అనే 201 గుర్తు పెట్టి, ఆ తర్వాత కొత్త లైను పెట్టొచ్చు. ఇప్పటి మంచి టెర్మినల్స్ అలాంటి ఎస్కేప్ గుర్తుల్ని వడపోసేస్తాయి. పాతవన్నీ చేయవు.

కాబట్టి ముందు మామూలు ఎడిటర్‌లో పేస్ట్ చేయండి. వర్డ్‌లో కాదు, నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో. అక్కడ చూడాల్సినవి ఇవీ.

లైన్ల మొదట ప్రాంప్ట్ గుర్తులు అంటుకుని వచ్చాయా? $ వస్తే నష్టం లేదు, "అలాంటి కమాండ్ లేదు" అంటుంది. # వస్తే బ్యాష్ ఆ లైన్ని కామెంట్ అనుకుని నడపదు. > వస్తేనే ప్రమాదం. షెల్‌లో దానర్థం "ఈ ఫైల్లోకి రాయి" అని. ఈమెయిల్‌లో కోట్ అయి వచ్చిన లైన్లకి ముందు ఉండేది సరిగ్గా ఈ గుర్తే. ఆ లైను మొదటి మాట ఒక ఫైలు పేరైతే ఆ ఫైలు సున్నా బైట్లకి ఖాళీ అయిపోతుంది, ఏ హెచ్చరికా ఉండదు.

కోట్స్ నిటారుగా ఉన్నాయా, వంకర తిరిగాయా? వర్డ్, గూగుల్ డాక్స్, కొన్ని చాట్ యాప్‌లు నిటారు కోట్స్‌ని ముచ్చటగా వంచేస్తాయి, రెండు హైఫన్లని కలిపి పొడుగు గీత చేస్తాయి. షెల్‌కి వంకర కోట్ అసలు కోటే కాదు.

కనపడని స్పేస్‌లు ఉన్నాయా? వెబ్ పేజీల్లోంచి వచ్చే విడదీయరాని స్పేస్ చూడ్డానికి మామూలు స్పేస్‌లాగే ఉంటుంది, షెల్ మాత్రం దాన్ని మాటలో భాగం అనుకుంటుంది. కళ్ళముందు సరిగ్గా ఉన్న కమాండ్ "దొరకలేదు" అంటుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

తెలుగువాళ్ళకి ఇంకో తంటా ఉంది. "సాఫ్ట్‌వేర్", "టెర్మినల్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత వెడల్పు లేని అక్షరం ఒకటి దాక్కుని ఉంటుంది, ఒత్తుగా మారకుండా ఆపడానికి. తెలుగు పేజీలోంచి కమాండ్ కాపీ చేస్తే, పక్కనున్న తెలుగు మాటతో పాటు అదీ వచ్చి అంటుకోవచ్చు. తెలుగు పేర్లున్న ఫైళ్ళతో అయితే మరీ చికాకు: రెండు పేర్లు అచ్చం ఒకేలా కనిపిస్తాయి, ఒకదాంట్లో ఆ అక్షరం ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు, కంప్యూటర్‌కి అవి రెండు వేరే ఫైళ్ళు.

వీటిని బయటపెట్టాలంటే ఆ ముక్కని ఒక ఫైల్లో దాచి, క్యాట్ మైనస్ పెద్ద ఏ అని నడపండి. ప్రతి లైను చివర $ కనిపిస్తుంది, టాబ్‌లు, వింత అక్షరాలు పెద్ద ఎం, టోపీ గుర్తుల గజిబిజిగా బయటపడతాయి. తెలుగు అక్షరాలు కూడా మొత్తం అలా గజిబిజిగానే వస్తాయి, కాబట్టి కమాండ్ భాగం మీదే దృష్టి పెట్టండి. మ్యాక్‌లో మైనస్ పెద్ద ఏ పనిచేయదు. పీబీపేస్ట్ (క్లిప్‌బోర్డులో ఉన్నదాన్ని బయటికిచ్చే కమాండ్) ఇచ్చేదాన్ని పైపు (| గుర్తు) ద్వారా క్యాట్ మైనస్ వీఈటీకి పంపండి.

చేతివాటం గురించి ఒక మాట. పుట్టీలో (విండోస్‌లో చాలామంది వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) మౌస్ కుడి బటన్ నొక్కితే పేస్ట్ అయిపోతుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో మధ్య బటన్ నొక్కితే, కంట్రోల్ సీ కొట్టకపోయినా, చివరగా మౌస్‌తో ఎంచుకున్న ముక్క వచ్చి పడుతుంది. విండోస్ టెర్మినల్ మామూలుగా ఒకటి కంటే ఎక్కువ లైన్లున్నా, 5 కిలోబైట్లు దాటినా అడిగి మరీ పేస్ట్ చేస్తుంది. ఆ హెచ్చరిక విసుగనిపించి ఆఫ్ చేసేవాళ్ళుంటారు. వద్దు, ఉండనివ్వండి.

3. షెల్‌లో: మీసాల బ్రాకెట్ పెట్టి పేస్ట్ చేయండి

బ్రాకెటెడ్ పేస్ట్ లేని పాత షెల్‌లో కూడా పనిచేసే ఉపాయం ఇది. ముందు { అని కొట్టి ఎంటర్ నొక్కండి. ప్రాంప్ట్ > గా మారుతుంది. ఇప్పుడు పేస్ట్ చేయండి. ఎన్ని లైన్లున్నా షెల్ చదివి దాచుకుంటుందే తప్ప ఒక్కటీ నడపదు, మూసే బ్రాకెట్ ఇంకా రాలేదు కాబట్టి. తీరిగ్గా చదవండి. బాగుంటే } కొట్టి ఎంటర్ నొక్కండి. నచ్చకపోతే కంట్రోల్ సీ, మొత్తం పోతుంది.

దీంతో ఇంకో లాభం. మామూలుగా పేస్ట్ చేస్తే, మధ్యలో ఏదైనా కమాండ్ ప్రశ్న అడిగినప్పుడు తర్వాతి లైను దానికి జవాబుగా పోతుంది. ఆప్ట్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే కమాండ్) "కొనసాగించనా" అని అడిగితే మీ తర్వాతి కమాండ్ మొదటి అక్షరమే జవాబు. ఎస్ఎస్‌హెచ్ ఉంటే మిగతా లైన్లు అవతలి మెషీన్‌లోకి జారుకోవచ్చు. పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్‌లు చాలావరకు అప్పటిదాకా వచ్చి పడున్న అక్షరాల్ని పారేసి కొత్తగా అడుగుతాయి. మొదట్లో మాయమైన ఐదో లైను అలా పోయిందే. బ్రాకెట్ లోపల పెడితే షెల్ అన్నీ ముందే చదివేసుకుంటుంది కాబట్టి దొంగిలించడానికి ఏమీ మిగలదు.

అయినా ఒక గొయ్యి మిగిలే ఉంటుంది. మొదటి లైను "సీడీ ఫలానా ఫోల్డర్", రెండో లైను "ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ *" అనుకోండి, అంటే ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి అక్కడున్నవన్నీ అడక్కుండా చెరిపేయమని. ఆ ఫోల్డర్ లేదు. సీడీ విఫలమవుతుంది, షెల్ ఒక తప్పు సందేశం చూపించి ఏమీ జరగనట్టు రెండో లైను నడుపుతుంది, మీరున్న చోటే. పేస్ట్ వల్ల జరిగే పెద్ద నష్టాల్లో నా లెక్కన ఇదే మొదటిది, హ్యాకర్లూ దొంగ పేజీలూ దీని తర్వాతే. కాబట్టి ఒకదాని మీద ఒకటి ఆధారపడే కమాండ్ల మధ్య && పెట్టండి, మొదటిది గెలిస్తేనే రెండోది నడుస్తుంది. లైన్లు ఎక్కువుంటే మీసాల బ్రాకెట్ బదులు గుండ్రటి బ్రాకెట్ వాడండి: ( కొట్టి, పక్కనే సెట్ మైనస్ ఈ అని రాసి ఎంటర్, తర్వాత పేస్ట్, చివర ). మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. ఇది వేరే ఉపషెల్‌లో నడుస్తుంది కాబట్టి మీ విండో మూసుకుపోదు. కాకపోతే లోపల చేసిన సీడీలు, ఎక్స్‌పోర్ట్‌లు (పెట్టిన వేరియబుల్స్) బయటికి రావు.

చదివి దిద్దుకోవాలంటే బ్యాష్‌లో కంట్రోల్ ఎక్స్, వెంటనే కంట్రోల్ ఈ నొక్కండి. మీ ఎడిటర్ తెరుచుకుంటుంది, అందులో పేస్ట్ చేసుకోవచ్చు. ఇక్కడ "కానివ్వు" కీ ఎడిటర్‌లోంచి సేవ్ చేసి బయటికి రావడమే, బయటపడగానే నడిచిపోతుంది. మనసు మార్చుకుంటే లోపలున్నదంతా చెరిపి, ఖాళీగా సేవ్ చేసి రండి.

పేస్ట్‌తో ఫైలు తయారుచేసే పని చాలామందికి రోజూ పడుతుంది: క్యాట్, > గుర్తు, ఫైలు పేరు, తర్వాత << పెట్టి ఒక ముగింపు మాట. ఆ ముగింపు మాటని తప్పనిసరిగా సింగిల్ కోట్స్‌లో పెట్టండి, <<'ఇంతే' అన్నట్టు. (అవును, తెలుగు మాట పెట్టినా బ్యాష్ ఒప్పుకుంటుంది.) కోట్స్ లేకపోతే లోపలున్న $ గుర్తుల్ని షెల్ తన వేరియబుల్స్ అనుకుని విప్పేస్తుంది. ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్ ఇలా పేస్ట్ చేసి, $హోస్ట్, $యూఆర్ఐ ఉండాల్సిన చోట ఖాళీలు మిగిలాక తలపట్టుకునేవాళ్ళు తరచూ కనిపిస్తారు. ముగింపు మాట లైను మొదట్లోనే, ముందు స్పేస్ లేకుండా ఉండాలి. బ్రాకెటెడ్ పేస్ట్ లేని చోట టాబ్‌లు కూడా మాయమవుతాయి, షెల్ వాటిని పేరు పూర్తి చేయమన్న సంకేతంగా మింగేస్తుంది కాబట్టి. మేక్‌ఫైల్‌కి టాబ్‌లు ప్రాణం, దాన్ని ఇలా ఎక్కించకండి.

జెడ్‌షెల్ వాడేవాళ్ళకి ఒక ప్రత్యేక తలనొప్పి. అందులో ప్రాంప్ట్ దగ్గర # తో మొదలయ్యే కామెంట్లు మామూలుగా చెల్లవు. కామెంట్ లైనుతో సహా పేస్ట్ చేస్తే "# అనే కమాండ్ లేదు" అంటుంది. ఆ కామెంట్‌లో ఇంగ్లీషు అపాస్ట్రఫీ ఒకటుంటే ఇంకా ఘోరం: కోట్ తెరుచుకుందనుకుని, కింది కమాండ్లన్నీ ఆ కోట్‌లో భాగంగా మింగుతూ పోతుంది. సెటాప్ట్ ఇంటరాక్టివ్ అండర్‌స్కోర్ కామెంట్స్ అనే లైను డాట్ జెడ్ఎస్‌హెచ్ఆర్‌సీలో పెట్టుకుంటే తీరిపోతుంది. బ్యాష్‌లో దీనికి సాటి వచ్చేది ఆశ్చర్యార్థకం. డబుల్ కోట్స్‌లో ! ఉంటే పాత కమాండ్ చరిత్రలోంచి ఏదో తెచ్చి అక్కడ పెడుతుంది. సెట్ +పెద్ద హెచ్ అని కొడితే ఆగుతుంది.

4. డేటాబేస్ ప్రాంప్ట్‌లో: సెమికోలన్ లేకుండా పేస్ట్ చేయండి

పీఎస్‌క్యూఎల్‌లోనూ, మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లోనూ ఎంటర్ కొడితే ఏమీ జరగదు, క్వెరీ తర్వాతి లైనుకి సాగుతుంది అంతే. సెమికోలన్ పడ్డాక ఎంటర్ కొడితేనే నడుస్తుంది. అంటే ఎడిటర్‌లోనే చివరి సెమికోలన్ చెరిపేసి పేస్ట్ చేస్తే, వేర్ షరతు (ఏ వరసలకి వర్తించాలో చెప్పేది) ఉందో లేదో, టేబుల్ పేరు సరైనదో కాదో ఎంతసేపైనా చూసుకోవచ్చు. తర్వాత సెమికోలన్ మీరే కొట్టండి. వద్దనుకుంటే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్, మైఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ సీ.

అంతకు ముందు బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ తెరవండి. రెండింటిలోనూ ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, నడిచిన ప్రతి వాక్యం అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. ట్రాన్సాక్షన్ లోపలైతే "అప్‌డేట్ 3" అని వచ్చిందా "అప్‌డేట్ 48000" అని వచ్చిందా చూసుకుని, కమిటో (ఖాయం చేయడం) రోల్‌బ్యాకో (వెనక్కి తీసుకోవడం) తేల్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో రక్షణ ఉంది: ట్రాన్సాక్షన్ మధ్యలో ఒక వాక్యం తప్పితే, రోల్‌బ్యాక్ చేసేదాకా మిగతావన్నీ తోసిపుచ్చుతుంది. యాభై లైన్లు పేస్ట్ అయినా పదోదాని దగ్గర తప్పు వస్తే మిగతా నలభై అంటవు. మైఎస్‌క్యూఎల్‌కి ఈ పట్టుదల లేదు, తప్పిన వాక్యం వదిలేసి తర్వాతిది నడుపుతుంది. పైగా అందులో టేబుల్ మార్చే, తీసేసే వాక్యాలు (ఆల్టర్, డ్రాప్ లాంటివి) ట్రాన్సాక్షన్‌ని చెప్పకుండానే కమిట్ చేసేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో వాటిని కూడా రోల్‌బ్యాక్ చేయవచ్చు.

ప్రాంప్ట్ చదవడం అలవాటు చేసుకోండి. పీఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్ పేరు పక్కన = ఉంటే కొత్త వాక్యానికి సిద్ధం. - ఉంటే సగం వాక్యంలో ఉన్నారు. ' ఉంటే మూయని కోట్‌లో, ( ఉంటే మూయని బ్రాకెట్‌లో. వెర్షన్ 13 నుంచి ట్రాన్సాక్షన్‌లో ఉంటే * కూడా కనిపిస్తుంది, ఆ ట్రాన్సాక్షన్ చెడిపోతే ! కనిపిస్తుంది. పేస్ట్ చేసేముందు అక్కడ = తప్ప ఇంకేదైనా గీత గానీ కోట్ గానీ ఉంటే ఆగండి, ఇంతకు ముందు మిగిలిన సగం వాక్యానికి మీ కొత్త క్వెరీ అతుక్కుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో -> అంటే సగంలో ఉన్నట్టు, '> అంటే కోట్‌లో చిక్కుకున్నట్టు. అప్పుడు ముందు ' కొట్టి కోట్ మూసి, తర్వాతే బ్యాక్‌స్లాష్ సీ కొట్టాలి. ఉత్త బ్యాక్‌స్లాష్ సీ కొడితే అదీ కోట్‌లో కలిసిపోతుంది.

క్వెరీలో టాబ్‌లుంటే ఇక్కడా అదే గొడవ. టేబుల్ పేర్లన్నీ చూపించనా అని ప్రశ్న వచ్చి, క్వెరీలోని తర్వాతి అక్షరాల్ని జవాబుగా తినేస్తుంది. బ్రాకెటెడ్ పేస్ట్ పనిచేయని చోట పీఎస్‌క్యూఎల్‌ని మైనస్ ఎన్‌తో తెరవండి, టాబ్ ఉత్త టాబ్ అయిపోతుంది. నిజానికి పది లైన్లు దాటితే పేస్ట్ మానేసి ఫైల్లో పెట్టడమే మేలు: పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ ఐ, మైఎస్‌క్యూఎల్‌లో సోర్స్. బయటినుంచి పీఎస్‌క్యూఎల్ మైనస్ 1 మైనస్ ఎఫ్ అని ఫైలు పేరిస్తే మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌ని సేఫ్ అప్‌డేట్స్ ఆప్షన్‌తో తెరిస్తే, కీ మీద వేర్ షరతు గానీ లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లని ఒప్పుకోదు. ఆ ఆప్షన్‌కి వాళ్ళే పెట్టిన రెండో పేరు "ఐ యామ్ ఎ డమ్మీ". పేరు చూసి నామోషీ పడకండి, ప్రొడక్షన్‌లో అందరూ వాడాల్సిందే.

తెలుగు డేటా పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు పడుతున్నాయంటే కనెక్షన్ ఎన్‌కోడింగ్ చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో స్టేటస్ అని కొడితే చెబుతుంది, యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్‌కోడింగ్. ఒత్తులు, గుణింతాల వెడల్పు చాలా టెర్మినల్స్ తప్పుగా లెక్కేస్తాయి కాబట్టి కర్సర్ ఒకచోట కనిపిస్తుంది, దిద్దుబాటు ఇంకోచోట పడుతుంది. తెలుగున్న లైన్ని ప్రాంప్ట్ దగ్గర బాణం కీలతో దిద్దకండి, ఎడిటర్‌లో దిద్దుకుని మళ్ళీ పేస్ట్ చేయండి.

5. పైథాన్, నోడ్, విమ్

పాత పైథాన్ ప్రాంప్ట్‌లో ఫంక్షన్ మధ్య ఖాళీ లైను వస్తే ఫంక్షన్ అయిపోయిందనుకుంటుంది, తర్వాతి లైన్లకి ఇండెంటేషన్ తప్పంటుంది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో ప్రాంప్ట్‌నే మార్చేశారు, పేస్ట్ చేసిన ముక్క మొత్తంగా నిలుస్తుంది, ఎఫ్3 నొక్కితే పేస్ట్ మోడ్ కూడా ఉంది. ఐపైథాన్‌లో %సీపేస్ట్ అని కొట్టి, పేస్ట్ చేసి, విడిగా ఒక లైనులో -- కొడితే నడుస్తుంది. నోడ్‌లో (జావాస్క్రిప్ట్ ప్రాంప్ట్) .ఎడిటర్ అని కొట్టండి, పేస్ట్ చేశాక కంట్రోల్ డి.

విమ్ ఎడిటర్‌లో పేస్ట్ చేసిన కోడ్ మెట్లమెట్లుగా కుడికి జారిపోతోందంటే ఆటోఇండెంట్ పని. ముందు :సెట్ పేస్ట్, అయ్యాక :సెట్ నోపేస్ట్. కొత్త విమ్‌కి ఇది చాలాచోట్ల అక్కర్లేదు. ఇన్సర్ట్ మోడ్‌లో ఉన్నారో లేదో మాత్రం చూసుకోండి. నార్మల్ మోడ్‌లో ఉండగా పాత విమ్‌లో పేస్ట్ చేస్తే ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞే.

6. రూటర్లూ, సీరియల్ కన్సోల్

ఇక్కడ నియమం తిరగబడుతుంది. సిస్కో రూటర్ల ఐఓఎస్‌లో కాన్ఫిగ్ మోడ్‌లో ప్రతి లైనూ పడిన క్షణమే అమల్లోకి వస్తుంది, మధ్యలో ఆపడానికి బ్రాకెట్లూ లేవు, రోల్‌బ్యాక్‌కి ట్రాన్సాక్షనూ లేదు. మీరు ఏ ఇంటర్‌ఫేస్ ద్వారా లోపలికి వచ్చారో దాన్నే మొదటి లైను ఆపేస్తే, కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే, రెండో లైను ఎప్పటికీ చేరదు. పాతకాపులు పాటించే పద్ధతి: ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టడం. కనెక్షన్ పోతే పది నిమిషాల్లో రూటర్ తనంతట తానే రీబూట్ అయి, సేవ్ అయి ఉన్న పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయాలి. ఈ వరస తారుమారు చేస్తే రక్షణ లేనట్టే.

జూనిపర్ రూటర్లలో పని హాయి. లోడ్ సెట్ టెర్మినల్ అని కొట్టి, పేస్ట్ చేసి, కంట్రోల్ డి. ఏదీ అమలవదు. షో, పైపు, కంపేర్ తో తేడాలు చూసుకుని, కమిట్ కన్ఫర్మ్‌డ్ కొట్టండి. పది నిమిషాల్లో మళ్ళీ కమిట్ కొట్టకపోతే పాత కాన్ఫిగ్ వచ్చేస్తుంది.

సీరియల్ కేబుల్ అయితే వేగం కూడా చూడాలి. 9600 బాడ్ అంటే సెకనుకి 960 అక్షరాలే. వాటిని అవతలి బాక్స్ అంత వేగంగా జీర్ణించుకోలేకపోతే మధ్యలో అక్షరాలు రాలిపోతాయి, ఒక ఐపీ అడ్రస్‌లో ఒక అంకె పోయినా కమాండ్ చెల్లుబాటయ్యే ప్రమాదం ఉంది. టెరాటర్మ్ లాంటి వాటిలో లైనుకి ఇన్ని మిల్లీసెకన్లు ఆగమని పెట్టే సెట్టింగ్ ఉంటుంది, వాడండి. అయ్యాక కాన్ఫిగ్ చూపించమని అడిగి, మీ ఫైలుతో పోల్చండి.

7. బాగా పొడవైన లైన్లు

టోకెన్లు, ఒకే లైనులో ఉన్న పెద్ద జేసన్, బేస్64 ముద్దలు పేస్ట్ చేసేటప్పుడు ఇంకో హద్దు తగులుతుంది. సొంతంగా లైన్ ఎడిటింగ్ లేని ప్రోగ్రామ్‌లకి (క్యాట్, మామూలు రీడ్ లాంటివి) కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు గుండె) లైను మొత్తం పోగేసి ఇస్తుంది. లినక్స్‌లో ఆ సంచి 4096 బైట్లు, లైనులో 4095 దాటినవి చప్పుడు లేకుండా పోతాయి. మ్యాక్‌లో 1024 దగ్గరే ఆగిపోతుంది. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు, గుణింతపు గుర్తు ఇంకో 3. అంటే లినక్స్‌లో కూడా 1365 గుర్తులు దాటిన తెలుగు పేరా చివర తెగిపోతుంది.

ఇలాంటివి టెర్మినల్ గుండా పంపకండి. మ్యాక్‌లో పీబీపేస్ట్, లినక్స్ వేలాండ్ డెస్క్‌టాప్‌లో డబ్ల్యూఎల్-పేస్ట్, పాత ఎక్స్ డెస్క్‌టాప్‌లో ఎక్స్‌క్లిప్ తో క్లిప్‌బోర్డుని నేరుగా ఫైల్లోకి దింపి, ఎస్‌సీపీతో సర్వర్‌కి పంపండి. రెండు చివర్లా ఆ ఫైలు మీద షా256సమ్ (మ్యాక్‌లో షాసమ్ మైనస్ ఏ 256) కొట్టి, వచ్చిన సంఖ్య ఒకటేనా చూడండి.

8. పాస్‌వర్డ్‌లు

కమాండ్ లైనులో పేస్ట్ చేసిన పాస్‌వర్డ్ హిస్టరీ ఫైల్లో మిగిలిపోతుంది. ఉబుంటు, డెబియన్ బ్యాష్‌లో లైను ముందు ఒక స్పేస్ పెడితే మామూలుగా హిస్టరీలోకి ఎక్కదు, మిగతా చోట్ల హిస్ట్‌కంట్రోల్ సెట్టింగ్ చూసుకోవాలి. స్క్రిప్టుకి ఇవ్వాలంటే రీడ్ మైనస్ ఎస్ తో (కొట్టింది తెర మీద కనపడదు) తీసుకోండి. పోస్ట్‌గ్రెస్ యూజర్ పాస్‌వర్డ్ మార్చడానికి బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ ఉంది, ఆల్టర్ యూజర్ క్వెరీ పేస్ట్ చేయనక్కర్లేదు. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే కాపీ చేసిన పాస్‌వర్డ్ అక్కడా ఉంటుంది. విండోస్ కీ, వీ నొక్కి తీసేయండి.

9. తప్పు పేస్ట్ పరుగు అందుకుంటే

కంట్రోల్ సీ ఒకసారి కాదు, ఆగేదాకా కొడుతూనే ఉండండి. అది నడుస్తున్న కమాండ్‌ని ఆపడమే కాక, కెర్నల్ దగ్గర క్యూలో ఉన్న అక్షరాల్ని కూడా పారేస్తుంది. కానీ టెర్మినల్ ఇంకా పంపుతూ ఉండొచ్చు, అందుకే మళ్ళీ మళ్ళీ కొట్టాలి. కంట్రోల్ ఎస్ కొట్టి ఆగిందనుకోకండి, అది తెర మీది కదలికని ఆపుతుంది, ఇప్పటికే వచ్చిపడిన కమాండ్లని ఆపుతుందనే నమ్మకం లేదు. ఏ ప్రశ్న కనిపించినా కంగారులో వై కొట్టకండి. డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటే మొదట రోల్‌బ్యాక్, ఆరా తర్వాత.

ఆగాక విండో మూసేయకండి. తెర మీదున్నదంతా పైదాకా ఎంచుకుని ఒక ఫైల్లో దాచండి. హిస్టరీ అని కొట్టి ఏ లైన్లు నిజంగా నడిచాయో చూడండి. ఇంకో ప్రోగ్రామ్ మింగిన లైన్లు షెల్ హిస్టరీలో ఉండవు, డేటాబేస్ క్లయింట్లకీ అవతలి సర్వర్‌కీ వాటి హిస్టరీ వాటికే ఉంటుంది, కాబట్టి మూడు చోట్లా వెతకాలి. మీరు పేస్ట్ చేసిన అసలు ముక్క ఎడిటర్‌లో ఉంటే పక్కన పెట్టుకుని, నడిచిన లైన్లకి ఒకటొకటిగా టిక్ పెట్టి, ఆ పట్టికతోనే మీ సీనియర్‌కి ఫోన్ చేయండి.